ఉగాది లెక్క ఆషాఢంలో ఆగితే

ప్రశ్న: మాది ఖమ్మం. నా వయసు 38. మూడేళ్లుగా ఇంటి ముందు గదిలో టైలరింగ్ చేస్తున్నాను. నెలకు సగటున 45 జాకెట్లు కుడతాను. లైనింగ్ జాకెట్టుకు 350 రూపాయలు, అడ్వాన్సు వంద. ఫాల్, పీకోల మీద నెలకు ఇంకో రెండు వేలు వస్తాయి. మొన్న ఉగాదికి మూడు నిర్ణయాలు తీసుకున్నాను. నెలకు పదివేల చొప్పున ఏడాదిలో లక్షా ఇరవై వేలు దాచి, పవర్ మెషీన్ (షాపుల్లో వాడే వేగమైన మోటారు మెషీన్), ఓవర్‌లాక్ (గుడ్డ అంచుల పోగులు ఊడకుండా కుట్టే మెషీన్) కొని మెయిన్ రోడ్డులో గది తీసుకోవాలని ఒకటి. షుగర్ బోర్డర్‌లో ఉందన్నారు (రక్తపరీక్షలో హెచ్‌బీఏ1సీ 6.1) కాబట్టి రోజూ పొద్దున 40 నిమిషాలు నడవాలని రెండోది. రోజూ లెక్క రాయాలని మూడోది. పెళ్లిళ్ల సీజన్‌లో బాగానే సాగింది, 31 వేలు దాచాను. జూన్‌లో పిల్లల ఫీజుకు 18 వేలు తీశాను. ఆషాఢంలో పని లేదు, లెక్క రాయడం ఆగిపోయింది. శ్రావణంలో రాత్రి ఒంటిగంట దాకా కూర్చున్నా పని తెమల్లేదు, నడక పోయింది. ఇప్పుడు 23 జాకెట్లు పెండింగ్‌లో ఉన్నాయి. ఫోన్ మోగితే గుండె దడ. మెషీన్ ముందు కూర్చోవాలంటేనే విసుగు. మా ఆయన అవన్నీ మానేసి బట్టల షోరూమ్‌లో పదివేల ఉద్యోగం చూసుకోమంటున్నారు. నేను సోమరినైపోయానా? మునుపటి ఉత్సాహం మళ్లీ ఎలా వస్తుంది?

సమాధానం: రాత్రి ఒంటిగంట దాకా మెషీన్ మీద కూర్చున్న మనిషిని సోమరి అనరు. ఉగాదినాటి ఊపు ఆషాఢానికి తగ్గడం మీ ఒక్కరికే జరిగిందీ కాదు. దూరపు లక్ష్యాల్లో మొదట్లో ఊపు ఉంటుంది, చివర గమ్యం కనబడేసరికి మళ్లీ వస్తుంది, నడుమ దారిలోనే నీరసిస్తుంది. మనస్తత్వ పరిశోధకులు ప్రయోగాల్లో చూసిన సంగతే ఇది. ఉగాది నుంచి ఉగాదికి పెట్టుకున్న గడువుకు మీరు సరిగ్గా నడుమన ఉన్నారు. అయితే మీ విసుగుకు ఇంతకంటే గట్టి కారణాలు రెండు మీ ఉత్తరంలోనే కనిపిస్తున్నాయి. కళ్ల ముందు వేలాడుతున్న 23 జాకెట్లు ఒకటి. మొదటి రోజునుంచే కుదరని లెక్క రెండోది. ఈ రెండూ సర్దుకోకుండా ఉత్సాహాన్ని పిలిచినా రాదు.

ముందు ఆ 23 జాకెట్ల సంగతి చూద్దాం. రేపు పొద్దున గదిలో దుప్పటి పరిచి అన్నీ బయటికి తీయండి. ఏదీ కుట్టకండి, నాలుగు కుప్పలుగా విడదీయండి. ఇంకా కత్తెర పడనివి ఒక కుప్ప. కటింగ్ అయినవి ఇంకొకటి. మెషీన్ కుట్టు పూర్తయి హెమ్మింగ్, హుక్కులు, కాజాలు మిగిలినవి మూడోది. అంతా అయిపోయి ఇస్త్రీకో, చిన్న ఆల్టరేషన్‌కో ఆగినవి నాలుగోది. ఇళ్లలో నడిచే టైలరింగ్ గదుల్లో సాధారణంగా మూడో కుప్పే పెద్దదిగా తేలుతుంది. మెషీన్ పని చకచకా సాగుతుంది, చూస్తుండగానే జాకెట్టు రూపం వస్తుంది. చేతిపని మొదలయ్యేసరికి కొత్త గుడ్డ మీదికి మనసు పోతుంది. అలా సగంలో ఆగినవి పేరుకుపోతాయి. పని చేసిన అలసట ఉంటుంది, చేతికి డబ్బు మాత్రం రాదు. ఆ తేడాయే మనిషిని కుంగదీస్తుంది.

కుప్పలయ్యాక వెనకనుంచి మొదలుపెట్టండి. నాలుగో కుప్పను రేపు సాయంత్రంలోగా ఇస్త్రీ చేసి, ఆ కస్టమర్లకు మీరే ఫోన్ చేయండి. వాళ్లు చేసేదాకా ఆగితే మళ్లీ దడే. ‘ఆలస్యమైందండీ, జాకెట్టు సిద్ధంగా ఉంది, ఏడు లోపు ఇంట్లోనే ఉంటాను’ అంటే చాలు. కారణాలు చెప్పనక్కర్లేదు. తర్వాత మూడో కుప్ప. అన్నిటికీ ఒకేసారి హెమ్మింగ్, ఆపైన అన్నిటికీ హుక్కులు, ఆపైన కాజాలు. దారం రంగుల ప్రకారం వరస పెట్టుకుంటే సూదిలోకి దారం ఎక్కించడానికి పోయే సమయమే బోలెడు తగ్గుతుంది. మూడో కుప్ప అయ్యేదాకా కత్తెర ముట్టుకోవద్దు. జాకెట్టుకు వంద అడ్వాన్సు పోను 250 రావాలి కాబట్టి, 23 మీద 5,750 రూపాయలు మీ గదిలోనే వేలాడుతున్నాయి. ఇప్పుడు భాద్రపదం నడుస్తోంది, మహాలయ పక్షంలో కొత్త పని ఎలాగూ తక్కువే. బతుకమ్మ, దసరా ఆర్డర్లు మీద పడేలోపు ఇవి తేల్చడానికి ఇంతకన్నా మంచి అదను దొరకదు.

ఇక లెక్క. ఈ భాగం కాస్త నిదానంగా చదవండి, మీ అసలు చిక్కు ఇక్కడుంది.

మామూలు లైనింగ్ జాకెట్టుకు కటింగ్ 20 నిమిషాలు, మెషీన్ కుట్టు 70, చేతిపని 40, ఇస్త్రీ 5 వేసుకుందాం. మొత్తం 135 నిమిషాలు, అంటే రెండుంబావు గంటలు. మీ చేతివేగం వేరుగా ఉండొచ్చు. వారం పాటు గడియారం పెట్టుకుని చూసి మీ అంకెలు వేసుకోండి. 350లో లైనింగ్, దారం, హుక్కులు, కరెంటు కలిపి 95 పోతాయనుకుంటే మిగిలేది 255. నెలకు 45 జాకెట్ల మీద 11,475. ఫాల్, పీకోల రెండు వేలు కలిపితే 13,475. అందులోంచి నెలకు పదివేలు దాస్తానని ఉగాదికి రాసుకున్నారు. సంపాదనలో దాదాపు నాలుగింట మూడొంతులు! ఇంట్లోకి ఇదే డబ్బు వాడుతున్నప్పుడు ఇది పెళ్లిళ్ల సీజన్‌లో తప్ప కుదరదు. ఆషాఢంలో మీరు లెక్క పుస్తకం మూసేసింది బద్ధకంతో అయి ఉండదు. తెరిచిన ప్రతిసారీ పుస్తకం ‘నువ్వు ఓడిపోయావు’ అని చెబుతుంటే ఎవరు తెరుస్తారు? మీరు తప్పింది పనిలో కాదమ్మా, అంకె వేసుకోవడంలో.

అందుకని ముందు అంకె మారుద్దాం. మెయిన్ రోడ్డు గదిని ఈ ఏడాది జాబితాలోంచి తీసేయండి. గది అద్దె ఆరువేలు అనుకున్నా, అది కట్టడానికే నెలలో 24 జాకెట్ల మిగులు పోతుంది. ఇప్పటి 45లో సగానికి పైగా అద్దెకే కుట్టినట్టు. ఓవర్‌లాక్ కూడా ఆగొచ్చు. పవర్ మెషీన్ ఒక్కటి ఉంచుకోండి. మీ ఊళ్లో ధర 26 వేలు ఉందనుకుంటే, ఫీజు పోను మీ దగ్గర మిగిలిన 13 వేలు ఇప్పటికే సగం. మీరు సున్నా దగ్గర లేరు, సగం దారిలో ఉన్నారు. మిగతా 13 వేలకు నెలవారీ గడువు పెట్టుకోకండి. జాకెట్టు డెలివరీ ఇచ్చిన ప్రతిసారీ 80 రూపాయలు పక్కన పెట్టండి. అలా 163 జాకెట్లు కావాలి. నెలకు 45 చొప్పున నాలుగు నెలల లోపే, అంటే సంక్రాంతి దగ్గరికి మెషీన్ వస్తుంది. పని తక్కువున్న నెలలో తక్కువ జమ అవుతుంది కానీ మాట తప్పినట్టు కాదు. ఆషాఢంలో పది జాకెట్లు కుట్టి 800 వేసినా ఆ నెల మాట నిలబెట్టుకున్నట్టే. నెలకు పదివేలు అన్న లక్ష్యంలో ఈ వెసులుబాటు లేదు.

జూన్ ఫీజు ఏటా వచ్చేదే కాబట్టి దానికి వేరే డబ్బా పెట్టుకోండి. 18 వేలను వచ్చే జూన్ లోపు ఉన్న తొమ్మిది నెలలతో భాగిస్తే నెలకు 2,000. మెషీన్ డబ్బులోంచి ఫీజు తీసినప్పుడు మీకు కలిగిన నిరాశ వచ్చే జూన్‌లో ఉండదు. 45 జాకెట్ల మీద 80 చొప్పున 3,600, ఈ 2,000 కలిపి నెలకు 5,600 అవుతుంది. 13,475లోంచి అది మోయగలిగిన బరువే.

ఈ డబ్బు ఇంటి డబ్బుతో కలవకూడదు. బ్యాంకులో ఇంకో పొదుపు ఖాతా తెరిచి, గోడకు అంటించే క్యూఆర్ కోడ్‌ను ఆ ఖాతాకే పెట్టించండి. కస్టమర్ల డబ్బు అందులోకి, ఇంటి ఖర్చుకు నెలకు రెండుసార్లు అందులోంచి మీ పాత ఖాతాకు. పాలకూ కూరలకూ అదే ఖాతా వాడితే ఎంత మిగిలిందో నెలాఖరుకు ఎవరూ చెప్పలేరు.

ప్రధానమంత్రి విశ్వకర్మ పథకంలో ఉన్న 18 వృత్తుల్లో దర్జీ పని ఒకటి. శిక్షణ, రోజుకు 500 స్టైపెండ్, పనిముట్లకు 15 వేల వరకు వోచరు, పూచీకత్తు లేకుండా మొదటి విడత లక్ష రూపాయల వరకు 5 శాతం వడ్డీ రుణం అందులో ఉన్నాయి. ఇంట్లో ఒకరికే ఇస్తారు. ముద్ర లాంటి ప్రభుత్వ వ్యాపార రుణం గత అయిదేళ్లలో తీసుకుని అది తీరకుండా ఉంటే ఇబ్బంది. ప్రస్తుతం దర్జీలకు దరఖాస్తులు తీసుకుంటున్నారేమో దగ్గరి కామన్ సర్వీస్ సెంటర్లో అడగండి. వోచరు వస్తే తీసుకోండి. రుణం మాత్రం మూడు నెలల లెక్క చేతిలో ఉన్నాకే. పొదుపు సంఘం అప్పుకూ ఇదే మాట. విసుగులో ఉన్నప్పుడు అప్పు చేసి కొన్న మెషీన్ మీద కూర్చోవడం ఇంకా కష్టం.

పై లెక్కలో ఇంకో సంగతి ఉంది. 45 జాకెట్లకు రెండుంబావు గంటల చొప్పున 101 గంటలే అవుతాయి. రోజుకు ఆరు గంటలు, నెలకు పాతిక రోజులు మెషీన్ దగ్గర గడుపుతున్నా 150 గంటలు. ఆ 50 గంటలు ఎటు పోతున్నాయి? ఒక్క మీటరు మ్యాచింగ్ లైనింగ్ కోసం బజారుకు పోయి రావడం, ‘కొంచెం లూజు చేయి’ అంటూ వచ్చే ఉచిత ఆల్టరేషన్లు, కొలతలకు వచ్చి కబుర్లలో పడేవాళ్లు, ఫోన్లు. బాగా పోయే పది పన్నెండు రంగుల లైనింగ్ తాను లెక్కన తెచ్చి ఇంట్లో పెట్టుకోండి. మిగిలిన రంగులకు వారానికి ఒక్క రోజే బజారు. ఆల్టరేషన్లు శనివారం మధ్యాహ్నం మాత్రమేనని చెప్పండి. మీరు కుట్టిన జాకెట్టుకు మొదటిసారి ఉచితం, ఆ తర్వాత 30 రూపాయలు అనండి. కటింగ్ పొద్దున వెలుతురులో, నాలుగేసి కలిపి చేయండి. లైటు కింద మెరూన్‌కూ నలుపుకూ తేడా తెలియక దారం మార్చి కుట్టి, మళ్లీ విప్పిన రోజు ఎంత విసుగో మీకు తెలుసు.

విసుగు మాట వచ్చింది కాబట్టి సూది గురించి కూడా చెప్పాలి. చిన్న విషయమే, కానీ చాలామంది గమనించరు. మొండిబారిన సూది కుట్టు వదిలేస్తుంది, పట్టు మీద పోగులు లాగుతుంది. అప్పుడు మనం టెన్షన్ తిప్పుతాం, బాబిన్ మారుస్తాం, చివరికి మెషీన్ మీద కోపం తెచ్చుకుంటాం. పల్చటి గుడ్డకూ పట్టుకూ 11వ నంబరు, మామూలు కాటన్‌కు 14. ఎడాపెడా కుట్టే సీజన్‌లో ఒకటి రెండు రోజులకోసారి మార్చేయండి. వారానికోసారి షటిల్ దగ్గర చేరిన పోగులు దులిపి రెండు చుక్కల నూనె వేయండి. మెషీన్ మొరాయించకపోతే దాని ముందు కూర్చోవడానికి సగం అయిష్టం పోతుంది.

చేతిపనిని ఎవరికైనా ఇవ్వొచ్చా అన్నది ఇంకో ప్రశ్న. మీరే చేస్తే జాకెట్టుకు 255 మిగులు, 135 నిమిషాలు. గంటకు 113 రూపాయలు. పక్కింటావిడకు జాకెట్టుకు 40 ఇచ్చి హెమ్మింగ్, హుక్కులు, కాజాలు చేయిస్తే మిగిలేది 215, మీకు పట్టేది 95 నిమిషాలే. గంటకు 136. సీజన్‌లో బయటికి ఇవ్వడమే లాభం. అయితే మిగిలిన ఆ 40 నిమిషాల్లో ఇంకో జాకెట్టు పని జరగాలి. పని లేని రోజుల్లో ఆ నలభై రూపాయలు మీరే మిగుల్చుకోండి. ఇచ్చేముందు ఆవిడతో మీ పాత గుడ్డ మీద ఒక చెయ్యి అంచు హెమ్మింగ్ చేయించి చూడండి. పైకి దారం కనబడితే ఆ మాట కస్టమర్ మీతోనే అంటుంది.

శ్రావణంలో పని తెమలకపోవడానికి కారణం మీ చేతివేగం అనుకుంటున్నారేమో. చూడబోతే తేదీలు ఇచ్చిన పద్ధతి. ఒక పనికి ఎంత సమయం పడుతుందో అంచనా వేసేటప్పుడు మనుషులు తరచూ తక్కువే వేస్తారని మనస్తత్వ శాస్త్రవేత్తలు డేనియల్ కానెమన్, ఏమోస్ ట్వెర్‌స్కీ 1979లోనే రాశారు. అనుభవమున్నవాళ్లకూ ఇది తప్పదు. గుమ్మంలో నిలబడ్డ మనిషి ముఖం చూసి ‘శుక్రవారానికి ఇస్తా’ అనేస్తాం. ఆ శుక్రవారానికి అప్పటికే ఎన్ని ఉన్నాయో గుర్తుండదు. అందుకు ఆర్డరు పుస్తకం ఇలా పెట్టండి. వారానికి ఒక పేజీ. రోజుకు ఆరు గంటలు, వారానికి ఆరు రోజులంటే 36 గంటలు. అంతా మీరే చేస్తే 16 జాకెట్లు, చేతిపని బయటికి ఇస్తే 22. పేజీలో 12 గీతలే గీయండి, బయటికి ఇచ్చే వారాల్లో 17. మిగతా చోటు ఆల్టరేషన్లకూ, జ్వరానికీ, కరెంటు కోతకూ, చుట్టాలకూ. గీతలు నిండాయంటే తర్వాతి పేజీయే. ఇక్కడ గట్టిగా ఉండాల్సింది మీ వదిన, తోడికోడలు, పక్కింటి పిన్ని దగ్గర. వాళ్ల జాకెట్టు కూడా ఒక గీత మీదే ఎక్కాలి. ‘ఇది ఎంతసేపమ్మా’ అన్న ప్రతి జాకెట్టుకూ రెండుంబావు గంటలు పడుతుంది. అడ్వాన్సు 150 చేయండి, సామాను ఖర్చు పోను కొంత కూలీ కూడా ముందే చేతికి వస్తుంది.

ఆషాఢం ఏటా వస్తుంది, మూఢాలూ వస్తాయి. ఆ రోజుల్ని ఖాళీ అనుకుంటే కుంగుబాటే. ఆషాఢంలో బట్టల దుకాణాల వాళ్లు తగ్గింపులు పెడతారు, ఆడవాళ్లు చీరలు కొని బీరువాలో పెట్టి శ్రావణం మొదటి వారంలో మీ మీద పడతారు. వచ్చే ఆషాఢం మొదలవగానే మీ పాత కస్టమర్లందరికీ వాట్సాప్‌లో ఒక మాట పెట్టండి: ఈ నెలలో గుడ్డ ఇచ్చినవాళ్లకు వరలక్ష్మీ వ్రతానికి వారం ముందే జాకెట్టు ఇస్తాను. ధర తగ్గించనక్కర్లేదు, తేదీకి భరోసా ఇస్తే చాలు. సగంమంది విన్నా శ్రావణంలో ఒంటిగంట దాకా కూర్చునే అవసరం తగ్గుతుంది. అప్పటికీ మిగిలే సమయంలో జూన్, జూలైలలో స్కూలు యూనిఫాంలు, ఎప్పుడైనా పోయే లంగాలు, నైటీలు కుట్టండి. తరచూ వచ్చేవాళ్ల కొలతలకు అట్ట ముక్క మీద ప్యాటర్న్ కత్తిరించి, పేరు రాసి దారానికి గుచ్చి గోడకు వేలాడదీయండి. సీజన్‌లో ఒక్కో కటింగ్‌లో అయిదారు నిమిషాలు మిగులుతాయి.

రోజూ లెక్క రాయడం గురించి. పాత పుస్తకంలో ఆగిన చోట అడ్డంగా గీత గీసి, కింద ఇవాళ్టి తేదీ వేసి మొదలుపెట్టండి. మధ్యలో పోయిన నెలల్ని గుర్తు చేసుకుని నింపాలని చూడకండి. చాలా పుస్తకాలు రెండోసారి మూతపడేది ఆ ప్రయత్నంలోనే. రోజుకు మూడే అంకెలు: ఎన్ని డెలివరీ ఇచ్చాను, ఎంత వచ్చింది, ఎంత పోయింది. పుస్తకం బీరువాలో ఉండకూడదు. మెషీన్ టేబుల్ పక్కన మేకుకు వేలాడాలి, పెన్ను దానికే దారంతో కట్టి ఉండాలి. ‘మెషీన్ మీద గుడ్డ కప్పేముందు మూడు అంకెలు’ అని నియమం. అప్పటికే రోజూ చేస్తున్న ఒక పనికి కొత్త పనిని ముడివేస్తే గుర్తుంచుకోవాల్సిన భారం పోతుంది.

ఇలా ముడివేసిన పని అలవాటుగా మారడానికి ఎంతకాలం పడుతుందో లండన్ యూనివర్సిటీ కాలేజీలో 96 మంది మీద పరిశీలించారు. సగటున 66 రోజులు. కొందరికి 18 రోజులే, కొందరికి 254 రోజులు పట్టేటట్టు తేలింది. 21 రోజుల్లో అలవాటవుతుందన్న మాట నమ్మి, ఇరవై రెండో రోజు ఇంకా కష్టంగానే ఉంటే మనలోనే లోపం ఉందనుకోకండి. మధ్యలో ఒక రోజు తప్పినా పెద్దగా నష్టం లేదని కూడా అందులోనే తేలింది. కాబట్టి ఒక రోజు మరిచిపోతే వదిలేయండి, రెండో రోజు మాత్రం ఎంత నిద్రొచ్చినా ఆ మూడు అంకెలు వేయండి.

నడక దగ్గర మీరు ఎంచుకున్న వేళ తప్పు. పొద్దున 40 నిమిషాలంటే నల్లా నీళ్లు, టిఫిన్లు, బడి డబ్బాలు, ఆటో హారను, అన్నిటితో పోటీ. సీజన్‌లో రాత్రి ఒంటిగంటకు పడుకున్నవాళ్లు పొద్దున నడవరు, నడవనూ కూడదు, ఆ నిద్ర ఒంటికి కావాలి. మీ 6.1 ప్రీడయాబెటిస్ (మధుమేహానికి ముందు దశ) కిందికి వస్తుంది. 5.7 నుంచి 6.4 దాకా ఆ దశే. ఇది వెనక్కి తిప్పగలిగిన దశ, అందుకే వదలొద్దంటున్నాను. అమెరికాలో జరిగి 2002లో ఫలితాలు వెలువడిన పెద్ద అధ్యయనంలో వారానికి 150 నిమిషాల నడకలాంటి వ్యాయామం, బరువులో 7 శాతం తగ్గింపు లక్ష్యంగా పెట్టుకున్నవాళ్లలో మధుమేహం రావడం 58 శాతం తగ్గింది. 150 నిమిషాలను రోజుకు రెండు ముక్కలు చేస్తే 11 నిమిషాలు చొప్పున సరిపోతుంది. మధ్యాహ్నం అన్నం తిన్నాక 11 నిమిషాలు, రాత్రి తిన్నాక 11. తిన్న తర్వాతి నడక ఆ పూట పెరిగే షుగర్‌ను కూడా తగ్గిస్తుంది. మధ్యాహ్నం ఎండగా ఉంటే వరండాలోనో, మేడ మీద నీడనో నడవండి. ఊరికే తిరిగినట్టు కాక కాస్త ఆయాసం వచ్చేలా, మాట్లాడగలిగి పాట పాడలేని వేగంలో ఉండాలి. గిన్నెలు సింకులో పడగానే చెప్పుల్లో కాళ్లు పెట్టండి. ఒక్కసారి కూర్చుంటే లేవరు. మూడు నెలలయ్యాక మళ్లీ హెచ్‌బీఏ1సీ చేయించండి. ఆ పరీక్ష గత రెండు మూడు నెలల సగటు చెబుతుంది కాబట్టి అంతకుముందు చేయించి నిరాశపడొద్దు.

అదే రక్తంతో థైరాయిడ్, హిమోగ్లోబిన్ కూడా చూపించండి. ఈ రెండూ తేడాగా ఉంటే ఎంత లెక్క సర్దినా ఒంట్లో సత్తువ ఉండదు, దాన్నే మనం బద్ధకం అనుకుంటాం. మెషీన్ ఒక్కటే కాక టీవీ, పిల్లల కబుర్లు, పండుగ, ఏదీ రుచించకుండా రెండు వారాలు దాటితే, నిద్ర పట్టకపోతే, డాక్టరుతో ఆ మాట కూడా చెప్పండి. ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ 14416కు ఏ వేళైనా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బు పడదు.

చివరగా మీ ఆయన మాట. ఆయన అన్నదాన్ని కోపంగా తీసుకోకండి, లెక్కగా తీసుకోండి. షోరూమ్‌లో రోజుకు తొమ్మిది గంటలు, నెలకు 26 రోజులు నిలబడితే 234 గంటలు, పదివేలకు గంటకు 43 రూపాయల లోపు. రానూపోనూ ఆటో ఛార్జీ అందులోంచే. మీరు మెషీన్ మీద గంటకు 113 సంపాదిస్తున్నారు. తిరుగుళ్లకు పోయే ఆ 50 గంటలూ కలిపి 150తో భాగించినా గంటకు 76, ఫాల్, పీకోలు కాక. కానీ షోరూమ్ జీతం ఆషాఢంలోనూ వస్తుంది, మీది రాదు. ఆయన భయం అక్కడుంది, అది న్యాయమైనదే. ఈ రెండిటి మధ్య తేల్చాల్సింది మీ ఇద్దరి మాటలు కావు, మేకుకు వేలాడుతున్న పుస్తకం. ఇవాళ్టి నుంచి సంక్రాంతి దాకా మూడు అంకెలూ రాసి, భోగి మర్నాడు కాక, పండుగ సందడి తగ్గి చుట్టాలు వెళ్లాక ఒక సాయంత్రం ఇద్దరూ కూర్చోండి. ఏ నెలలో ఎంత మిగిలింది, ఎన్ని జాకెట్లు ఇచ్చారు, తక్కువ పడిన నెలను పెళ్లిళ్ల నెల పూడ్చిందా, అన్నీ ఆయనతోనే కూడించండి. నెల సగటు మిగులు పదివేలకు పైన ఉంటే మెషీన్ షాపుకు ఆయన్ని కూడా తీసుకెళ్లండి. పొదుపుకు 80 చొప్పున వేసిన డబ్బు అప్పటికి ఖాతాలో ఉంటుంది, బేరం ఆయన ఆడతారు. సగటు అంతకన్నా తక్కువ తేలితే షోరూమ్‌లో పూట ఉద్యోగం దొరుకుతుందేమో అడగండి, మిగతా పూట వారానికి ఆరు గీతల పేజీతో మెషీన్ నడుస్తుంది.